సెకనుకు మూడు బుడగలు

అఫ్జల్‌గంజ్‌లో పైపుల దుకాణం నడిపే ప్రహ్లాద్‌కు ఉప్పునీటి చేపల పిచ్చి పట్టి తొమ్మిదేళ్లయింది. పురానాపూల్ దగ్గరి ఇంట్లో, టీవీ ఉండాల్సిన చోట మూడడుగుల గాజు తొట్టి పెట్టి అందులో బతికున్న పగడాలు పెంచాడు. అలాంటిది చుట్టాల్లో ఎవరింట్లోనూ లేదు. వచ్చినవాళ్లు చెప్పులు విడవగానే ఆ తొట్టి ముందుకు వెళ్లి నిలబడేవారు. అలా నిలబడి నిలబడి తనూ ఆ పిచ్చిలో పడ్డవాడు నిఖిలేష్, ప్రహ్లాద్ భార్య స్రవ్యకు తమ్ముడు.

నీళ్లలో ఉప్పు కలపడం దగ్గర నుంచి బామ్మర్దికి అన్నీ ప్రహ్లాదే నేర్పాడు. తన తొట్టిలోంచి చిటికెన వేలంత పచ్చ పగడపు కొమ్మ విరిచి ఇచ్చాడు. మూడేళ్లు తిరిగేసరికి నిఖిలేష్ జల్‌పల్లిలో ఇల్లు కట్టుకుని ఐదడుగుల తొట్టి పెట్టాడు. మొన్న ఎండాకాలం రోజంతా కరెంటు లేక ప్రహ్లాద్ పగడాలు సగం తెల్లబడి చచ్చిపోయాయి. నిఖిలేష్ దగ్గరి కొమ్మ మాత్రం పళ్లెమంత విచ్చుకుంది. చుట్టాలిప్పుడు జల్‌పల్లికి వెళ్తున్నారు. "మా తమ్ముని తొట్టి చూస్తే కండ్లు తిప్పుకోలేం" అని స్రవ్య ఫోన్లో ఎవరితోనన్నా అంటుంటే ప్రహ్లాద్ లేచి బయటికి పోయేవాడు.

అలాంటి రోజుల్లో నిఖిలేష్ ఫోన్ చేశాడు.

"బావా, కాల్షియం రియాక్టర్ కొన్న. బెంగళూరుల ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌ల దొరికింది. పైపుల పని నువ్వే చెయ్యాలె. ఇంకొకల్లను చెయ్యి పెట్టనియ్య."

కాల్షియం రియాక్టర్ అంటే మూతపెట్టిన లావుపాటి గొట్టం. అందులో చచ్చిన పగడాల ముక్కలు నింపుతారు. తొట్టి నీళ్లను దానిగుండా తిప్పుతూ కార్బన్ డయాక్సైడ్ గ్యాసును బుడగలు బుడగలుగా వదిలితే నీళ్లు పుల్లబడి ఆ ముక్కల్ని కరిగిస్తాయి. ఆ నీళ్లు చుక్కచుక్కగా తొట్టిలో పడుతుంటే, అందులోని సున్నంతో బతికున్న పగడాలు పెరుగుతాయి. ప్రహ్లాద్ దాని గురించి ఆరేళ్ల నుంచి చదువుతున్నాడు. కొందాం కొందామనుకుంటూ కొననేలేదు.

ఆదివారం పొద్దున్నే సామాను సంచీ తీసుకుని వెళ్లాడు. పని మొదలుపెట్టాక మనసు కాస్త కుదుటపడింది. మోటారు నుంచి పైకి వెళ్లే పైపును కోసి మూడు మూతుల టీ జాయింటు బిగించాడు, వాల్వు పెట్టాడు, సన్నటి గొట్టాన్ని రియాక్టర్‌కు కలిపాడు. బయటికొచ్చే గొట్టాన్ని తొట్టి కింది నీళ్లపెట్టెలోకి దించాడు. ఒక్క అతుకులోనూ చెమ్మ కనబడలేదు.

అప్పుడే అత్త నాగమణమ్మ చాయ్ తెచ్చింది.

"మావోని చెయ్యి మంచిది అల్లుడా. ఏది వెట్టినా పెరుగుతది. నీ తొట్ల ఏం మిగల్లేదట గద?"

ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. ప్రహ్లాద్ మాత్రం చాయ్ తాగకుండానే పక్కన పెట్టాడు. గాజు అవతల, తన చేత్తో విరిచిచ్చిన కొమ్మ వంద కొసలతో మెరుస్తోంది.

"గ్యాసు ఎంత ఇడవాలె బావా?" నిఖిలేష్ అడిగాడు.

మొదట్లో రెండు సెకన్లకొక బుడగ చాలు. నీళ్లు చుక్కల్లా పడాలి. కొన్ని రోజులు చూసుకుంటూ మెల్లగా పెంచాలి. ఒక్కసారే ఎక్కువైతే చేపలకు ఊపిరాడదు. అది ప్రహ్లాద్‌కు తన పేరంత బాగా తెలుసు.

"సెకనుకు మూడు బుడగలు వెట్టు," అన్నాడు. "నీళ్లు గూడ ధారగ రానీ. ఫికర్ చెయ్యకు."

నిఖిలేష్ తలూపి అలాగే తిప్పాడు.

ప్రహ్లాద్ ఇంటికొచ్చి మధ్యాహ్నం తిని పడుకున్నాడు గాని కన్ను మూతపడలేదు. ఏదన్నా తేడా వస్తే వాడే చూసుకుంటాడులే అనుకున్నాడు. పోతే పోనీ, నావి పోలేదా అని కూడా అనుకున్నాడు. నాలుగింటికి స్రవ్య గదిలోకి వచ్చింది.

"తమ్ముడు ఫోన్ చేసిండు. బావ లేకపోతే నాతోని అయ్యేదే కాదన్నడు. మస్తు ఖుషీగున్నడు."

ప్రహ్లాద్ లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కడికని ఆమె అడుగుతున్నా చెప్పకుండా స్కూటర్ తీశాడు.

అతను వెళ్లేసరికి చేపలన్నీ నీళ్లపైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. పగడాలు ముడుచుకుపోయాయి. నిఖిలేష్ ఫోన్ చెవికి పెట్టుకుని తొట్టి ముందు తిరుగుతున్నాడు.

"నీకే చేస్తున్న బావా, జల్ది చూడు!"

ప్రహ్లాద్ గ్యాసు కట్టేశాడు, రియాక్టర్ వాల్వు మూశాడు, కిటికీలన్నీ తెరిచాడు. నీళ్లకు గాలి తగిలేలా పంపు మూతిని పైకి తిప్పాడు. రెండు గంటలకు చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. పసుపు చేప మాత్రం దిగలేదు. అది పక్కకు వాలి తేలింది.

"యాడ తప్పు చేసిన బావా? నువ్వు చెప్పినట్లే వెట్టిన గద."

సెకండ్ హ్యాండ్ మిషన్, అదే పాడైందని చెప్పొచ్చు. వాడు నమ్ముతాడు కూడా.

"నీ తప్పేం లేదు. నేనే తప్పు చెప్పిన. తెల్సే చెప్పిన."

"తెల్సే అంటే?"

"నీ తొట్టి మీద కండ్లల్ల నిప్పులు వోసుకున్న, నిఖిలేష్."

నిఖిలేష్ బావ వైపు చూడకుండా తొట్టి దగ్గరికి వెళ్లాడు. చచ్చిన చేపను జాలీతో తీసి పేపర్లో చుట్టాడు.

"ఇగ ఇంటికి పో బావా," అన్నాడు.

ఆ సంగతి ప్రహ్లాదే స్రవ్యకు చెప్పాడు. ఆమె నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. నెలన్నర దాకా జల్‌పల్లి నుంచి ఫోన్ లేదు. ఆ తర్వాత ఒకరోజు నిఖిలేష్ చేసి, ఒక అతుకు దగ్గర నీళ్లు కారుతున్నాయని ముక్తసరిగా చెప్పాడు.

ప్రహ్లాద్ వెళ్లాడు. పచ్చ పగడానికి కొత్త కొసలు వచ్చాయి. చూడగానే కడుపులో మళ్లీ అదే మంట రేగింది. తల దించుకుని అతుకు విప్పాడు.

"గ్యాసు ఇప్పుడు ఎంత వెట్టాలె?" నిఖిలేష్ అడిగాడు.

"రెండు సెకన్లకు ఒక బుడగ."

నిఖిలేష్ జేబులోంచి ఫోన్ తీసి, అతని ఎదుటే వెతికి సరిచూసుకున్నాడు. ప్రహ్లాద్ పానా చేత పట్టుకుని, అతను చదవడం అయ్యేదాకా ఆగాడు.