గులాబీ రంగుకు తిరిగిన కప్పచేప

వరమహాలక్ష్మి పండగ బేరాలు దగ్గరపడుతున్నాయని మోహన్‌కుమార్ చింతామణిలోని తన చీరల అంగడిలో అద్దాల తొట్టి పెట్టించాడు. మామూలు తొట్టి కాదు, ఉప్పునీటిది. సముద్రం చూడాలంటే మద్రాసు బస్సెక్కాల్సిన ఊరిలో సముద్రాన్ని అంగడిలోనే చూపించాలని ఆయన ముచ్చట. బెంగళూరు నుంచి నీలం రంగు చిన్న చేపల గుంపు తెచ్చాడు. వాటితోపాటు పసుపుపచ్చగా, గరుకుగా, పిండి పారేసిన స్పాంజి ముక్కలాంటిదొకటి తెచ్చాడు.

"ఇదీ చేపేనంట," అన్నాడు భార్య సుజాతతో. "ఈదను కూడా చేతకాదు. అలంకారానికి ఉంటాదిలే."

సుజాత దాన్ని చూడగానే గుర్తుపట్టింది. చిక్కబళ్ళాపురలో బీఎస్సీ చదివేటప్పుడు ల్యాబు బీరువాలో, సీసా మందునీళ్ళలో తెల్లగా పాలిపోయి కూచుని ఉండేది దీని అక్కో చెల్లెలో. కప్పచేప. రెక్కల్ని కాళ్ళలా ఆనించుకుని నేలమీద కూచుంటుంది. నుదుటి మీద సన్నని కాడ, కాడ కొసన ఎర. దాన్ని ఆడించి, దగ్గరికొచ్చిన చేపను మింగుతుంది. వేడి సముద్రాల్లో ఇవి ఎన్ని రకాలో లెక్చరర్ మేడం మురిపెంగా చెప్పేది. బొటనవేలంతవి, టెంకాయంతవి, తారులా నల్లనివి, సున్నంలా తెల్లనివి, ఒళ్ళంతా వెంట్రుకలు మొలిచినట్టుండే చారలవి, తేలే నాచులో నాచులాగే బతికేవి. ఎరలు కూడా ఒకదానిది పురుగులా, ఇంకొకదానిది రొయ్యలా, మరొకదానిది చేపపిల్లలా. పని ఒకటే, వేషాలు మాత్రం ఇన్ని. ఆ ప్రశ్న పరీక్షలో రాలేదు. పెళ్ళయ్యాక అసలే రాలేదు.

భర్తకు చెబుదామనుకుంది. అయితే ఆ మనిషి తొట్టి గురించి పక్కంగడి టైలరును అడిగాడు, కరెంటు పనివాణ్ణి అడిగాడు, ఇంట్లో ఉండే జువాలజీని మాత్రం అడగలేదు. అడిగినప్పుడు చెబుదాంలే అని ఊరుకుంది.

నీలం చేపలు ఒక్కొక్కటే తగ్గసాగాయి.

"మోటరు లాగేస్తాండాది," అని మోహన్‌కుమార్ ఫిల్టరు విప్పించాడు. లోపల ఏమీ లేదు. "యాడికి పోతాండాయో అర్థమే కాలేదు."

"గాలికి పోయింటాయి," అంది సుజాత చీర మడత పెడుతూ.

"చేపలు గాలికెట్ల పోతాయి?"

"అదే నేనూ చూస్తాండాను."

మధ్యాహ్నం బేరాలు లేని వేళ గల్లాపెట్టె దగ్గర కూచుని నిజంగానే చూసేది. పసుపు చేప కాడ ఎత్తి ఎర ఆడిస్తుంది. నీలం చేప ఇదేమిటో చూద్దామని వస్తుంది. తర్వాత నీలం చేప ఉండదు. మధ్యలో ఏం జరిగిందో కంటికి అందదు. సుజాత తలొంచుకుని నవ్వుకునేది.

ఒకనాటికి నీలం చేపలు అయిపోయాయి. దాంతో నవ్వూ అయిపోయింది.

మోహన్‌కుమార్ దినమూ వేసే గింజల మేత చేప మూతి ముందే పడి, నాని, ఉబ్బేది. కదిలేదాన్ని తప్ప అది దేన్నీ తినదు. ఆ సంగతి సుజాత నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అడ్డం అత్త సులోచనమ్మ. ఏకాదశి వస్తే ఉల్లిగడ్డల బుట్టను కూడా వంటింటి గడప దాటించే మనిషి. శుక్రవారం అంగడికొచ్చి లక్ష్మి పటానికి బొట్టు పెట్టి, అదే చేత్తో తొట్టి అద్దానికీ పెట్టి పోతుంది. ఆమెతో, ప్రాణమున్నవాటిని తెచ్చి దీనికి వెయ్యాలి అని ఎట్లా చెప్పడం? ఆమె ఏమంటుందో సుజాతకు కంఠస్థం. అందుకని అడగనే లేదు.

తొట్టిలో గులాబీ రంగు ప్లాస్టిక్ పగడాలు పెట్టి ఉన్నారు. చేప వాటి పక్కనే కూచుని, అంచుల నుంచి మొదలుపెట్టి మెల్లగా గులాబీ రంగుకు తిరిగింది. సముద్రంలోనైతే స్పాంజి పక్కన చేరి స్పాంజిలా ఉండేది. ఇక్కడ దొరికింది ప్లాస్టిక్కు. దానికే సర్దుకుంది. "చేప యాడుండాదమ్మా?" అని బేరానికొచ్చిన ఆడవాళ్ళు వెతకడం ఒక ఆటయింది. ఒకామె అదే రంగు చీర కూడా తీయించింది. ఆ సందడిలో అది ఖాళీ నీళ్ళలో, ఎవరూ లేని చోట, ఎర ఆడిస్తూనే ఉంది. సుజాత గల్లాపెట్టె దగ్గర కుర్చీని అటువైపు తిప్పుకుని కూచునేది.

పండగ అయింది. ఎర ఆడటం కూడా ఆగిపోయింది. ఆ రోజు సుజాత ఇంటికొచ్చి, అలసందలు ఏరుతున్న అత్త ముందు కూచుని అంతా చెప్పేసింది.

సులోచనమ్మ చేట కింద పెట్టింది. "అయితే ఇన్ని దినాలూ అది పస్తుండాదా?"

"ఊఁ."

"నువ్వు చూస్తాంటివి."

సుజాత చేట తన ముందుకు లాక్కుని అలసందలు ఏరసాగింది.

"వెనక సంపులో దోమలకని ఆరోగ్య ఇలాఖావాళ్ళు ఏసిన గప్పీ చేపలు లేవా? అవి దోమపిల్లల్ని తింటాంటే నేనేమన్నా ఆకేసి అన్నం పెడితినా? దాని తిండి దానిది. నన్ను తినమంటే గదా నేను వద్దనేది."

"మీరు వద్దంటారనుకుంటి, అత్తా."

"నేననేది కూడా నువ్వే అనుకుంటే, ఇంక నాకు నోరెందుకమ్మా?"

ముసలామే లేచి వచ్చి సంపు మూత పట్టుకుని నిలబడింది. సుజాత టీ జల్లెడతో గప్పీలను పట్టింది. "ఆ జల్లెడ మాత్రం మళ్ళా వంటింట్లోకి తేవద్దు," అంది సులోచనమ్మ.

గప్పీలకు ఉప్పునీళ్ళు కొంచెం కొంచెంగా అలవాటు చేసి, అంగడికి తీసుకుపోయి, ఆ జల్లెడతోనే తొట్టిలో వదిలింది. ఒక గప్పీ నేరుగా గులాబీ చేప మూతి దాకా పోయింది. కాడ లేచింది. ఒకసారి వణికింది. నోరు తెరుచుకోలేదు. గప్పీ ఆ ఎరను కాస్త పొడిచి చూసి, తన దారిన పోయింది.

మరుసటి రోజు బేరానికొచ్చినవాళ్ళు ఎప్పటిలాగే వెతికారు. సేల్స్ పిల్ల మేఘ ఎప్పటిలాగే, "అదిగో అక్కా, పగడం పక్కన," అని చూపించింది. వాళ్ళు చూసి సంతోషపడి పోయారు. కాడ నుదుటి మీంచి పక్కకు వాలి ఉండటం సుజాత ఒక్కతే గమనించింది.

జనం పలచబడ్డాక మోహన్‌కుమార్ అద్దం మీద వేలితో తట్టాడు. మళ్ళీ తట్టాడు. భార్యవైపు తిరిగాడు.

"ఏమయిందంటావు దీనికి? నువ్వు చదివినదానివి గదా."

"ఆకలి," అంది సుజాత.

"దినమూ ఏస్తానే ఉంటిని గదా."

"ఏస్తానే ఉంటిరి."

ఆమె గాజులు పైకి తోసుకుని, టీ జల్లెడ అందుకుని తొట్టిలోకి దించింది. చేప అందులో పట్టలేదు. రెండో చెయ్యి కూడా నీళ్ళలో పెట్టాల్సి వచ్చింది.