పసుపు అట్ట పుస్తకాలు

నెలకు ఒక ఆదివారం, గుడికి పోయి వస్తానని చెప్పి సత్తెమ్మ ఇంట్లోంచి బయటపడుతుంది. గుడికి పోయేది నిజమే. దేవుడి ముందు నిలబడేది మాత్రం రెండు నిమిషాలు. అక్కడి నుంచి నానక్‌రామ్‌గూడ పాత సందుల్లోకి నడిచి, నర్సయ్య రేకుల గదుల వరసలో నాలుగో తలుపు ముందు ఆగి, అటూ ఇటూ చూసి, రొండిన దోపుకున్న తాళంచెవి తీస్తుంది.

గదిలో రెండు చాపలు, ఒక చిన్న స్టవ్వు, బకెట్టు, తడి తగలకుండా కవరులో చుట్టిన అగ్గిపెట్టె, ఒక బియ్యం డబ్బా ఉంటాయి. బియ్యానికి పురుగు పడుతుంది కనుక ప్రతి నెలా ఇంటి నుంచి కొత్త బియ్యం తెచ్చి పోసి, పాతవి సంచిలో వేసుకుని పోయి ఇంట్లో వండేస్తుంది. డబ్బా అడుగున గుడ్డలో చుట్టిన రెండు బంగారు గాజులు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసుకుంటుంది. అప్పటికి గుండె కాస్త కుదుటపడుతుంది.

ఈ గది సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. కొడుకు మహేందర్‌కు అద్దాల మేడల మధ్య తొమ్మిదో అంతస్తులో సొంత ఫ్లాటుంది. మాదాపూర్‌లో మూడు హాస్టళ్ళున్నాయి, ఒక చిట్టీల కంపెనీ ఉంది. అయినా ఆ ఫ్లాటుకు మారిన నెల నుంచి ఈ నెల దాకా, పదకొండేళ్ళుగా, తాము ఒకప్పుడు బతికిన ఈ రేకుల గదికి ఆమె కిరాయి కడుతూనే ఉంది. ఏదో ఒకరోజు అంతా పోతుంది. ఆ రోజు రాత్రి పడుకోవడానికి ఒక చోటు ఉండాలి కదా.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. జనగామ దిక్కు నుంచి వచ్చిన కొత్తలో భర్త చంద్రయ్య ఒక ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్, ఆమె కట్టే మేడల దగ్గర ఇసుక మోసేది. కొడుకు కాలేజీ ఫీజు కోసమని ఒక ప్రైవేటు చిట్టీలో రెండేళ్ళు కట్టింది. ఒకరోజు పొద్దున ఆ చిట్టీ ఆఫీసుకు తాళం పడింది. దాని ముందు రెండు వందల మంది పుస్తకాలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఆమె కూడా నిలబడింది. మధ్యాహ్నానికి ఎవరో రాయి వేశారు. అక్కడి నుంచి ఆ చిట్టీ యజమాని ఇంటికి పోయి, అతని తల్లిని వాకిట్లోకి లాగి అడిగారు. ఆ ముసలామె ముఖం సత్తెమ్మకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది.

మహేందర్ చదువు ఆ ఏడాదితో ఆగిపోయింది. ఉద్యోగాలకు వచ్చిన పిల్లలకు బండి మీద తిప్పి రూములు చూపించడం మొదలుపెట్టాడు. ఎవరింట్లో ఏది పోయినా నా కొడుకు మీదకే వస్తుందని ఆమె నిద్ర మానేసింది. ఒక బిల్డింగు లీజుకు తీసుకుని హాస్టలు పెట్టాడు. వంటింట్లో సిలిండరు పేలుతుందని ఆమె పీడకలలు. తర్వాత ప్లాట్లు కొని అమ్మాడు. చెరువు పక్క జాగా కాదు కదా అని రోజూ అడిగేది. చివరికి, ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించి మరీ, చిట్టీల కంపెనీ పెట్టాడు. ఆ మాట విని సత్తెమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అప్పటి నుంచి ఇంట్లో ఒక పద్ధతి పడింది. ఏ పనైనా అయిపోయాకే అమ్మకు చెప్పాలి. ముందు చెబితే ఆమె తినదు, ఎవరినీ తిననివ్వదు. ఖాజాగూడలో ఆటపాటల హాలు కడుతున్న సంగతి కూడా గోడలు లేచి, కుర్చీలు బిగించాకే తెలిసింది. "జాగాల పైసలుంటయి, చిట్టీల పైసలుంటయి. ఈ ఆటల ఏముంటది బిడ్డా? మనిషి మునిగేది గిక్కడనే" అని ఏడ్చింది. "మునిగితే ఈత కొడుత తీయమ్మా" అని వాడు నవ్వాడు. కార్యక్రమాలు ఎప్పుడు మొదలవుతాయో మాత్రం చెప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున గది ఊడ్చి, బియ్యం మార్చి, తాళం వేస్తుండగా సందు చివర షేర్ ఆటోలు వరసగా ఆగి ఉండడం చూసింది. జనం ఎక్కుతున్నారు. అందరూ ఎరిగిన ముఖాలే. ఆఫీసుల్లో ఊడ్చేవాళ్ళు, గేట్ల దగ్గర నిలబడేవాళ్ళు, క్యాబులు నడిపేవాళ్ళు. ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకున్నారు. అందరి చేతుల్లో పసుపు అట్ట పుస్తకాలు.

అవి మహేందర్ కంపెనీ చిట్టీ పుస్తకాలు.

సత్తెమ్మ ఆటోల దగ్గరికి నడిచింది. ముందు ఆటోలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ సీతాబాయి కూర్చుని ఉంది.

"సీతా, యాడికి పోతున్నరే అందరు?"

"ఖాజాగూడకు! మీ మహేందర్ కాడికే! నువ్వు రావా సత్తెమ్మక్కా? పుస్తకం తెచ్చుకున్నవా?" అని అరిచింది సీతాబాయి. అంతలో ఆటో కదిలింది.

పుస్తకాలు పట్టుకుని జనం ఎప్పుడు కదులుతారో సత్తెమ్మకు తెలుసు. మంచి చీరలు చూసి ఒక్క క్షణం అనుమానం వచ్చింది కాని, ఠాణాకు పోయేటప్పుడు కూడా మంచి చీరే కట్టుకుంటారు కదా అని తనే జవాబు చెప్పుకుంది.

కొడుక్కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. చంద్రయ్యకు చేసింది. ఎత్తాడు. వెనక దబదబా ఒకటే చప్పుడు.

"ఏంది ఆ సప్పుడు? తలుపులు బాదుతున్నరా?"

"ఏం ఇనవడ్తలేదే! ఈడ మస్తు జనమొచ్చిండ్రు. కొడుకు లోపల పరేషాన్ల ఉన్నడు. మళ్ళ మాట్లాడుత!" ఫోన్ పెట్టేశాడు.

సత్తెమ్మ తాళం మళ్ళీ తీసింది. ఇప్పుడే పోసిన బియ్యంలోకి మోచేతి దాకా చేయి పెట్టి గాజుల మూట లాగి, కొంగున ముడి వేసుకుంది. తాళం వేసి, దొరికిన ఆటో ఎక్కింది. దారి పొడవునా ఆమెకు ఆనాటి ముసలామె ముఖమే కనిపిస్తోంది. కాని ఒక్కటి మాత్రం నిశ్చయించుకుంది. తనను ఎవరూ వాకిట్లోకి లాగనక్కరలేదు. తానే నడిచి వెళ్తుంది.

హాలు ముందు జనం మెట్ల నుంచి రోడ్డు దాకా ఉన్నారు. అద్దాల తలుపులు మూసి ఉన్నాయి. లోపలి నుంచి అదే చప్పుడు. సత్తెమ్మ జనంలోంచి దారి చేసుకుని మెట్లెక్కి, తలుపుకు వీపు ఆనించి, చేతులెత్తింది.

"అయ్యలారా, అమ్మలారా, జర ఆగుండ్రి! నా కొడుకు ఎవ్వల పైసలు తినేటోడు కాదు. ఏదో అయ్యుంటది. ఇగో, ఇవి నా గాజులు." కొంగు ముడి విప్పి పైకి చూపించింది. "ఫ్లాటు అమ్మి మీకందరికీ ఇస్తం. మాకు నర్సయ్య కాడ రూమున్నది. ఇగో తాళంచెవి. మేం ఆడికి పోతం, గంజి తాగి బతుకుతం. లోపలికి పోయి పిల్లగాని మీద చెయ్యి మాత్రం వేయకుండ్రి. మీకు దండం పెడుత."

మెట్ల కింద ఒక సెక్యూరిటీ గార్డు పక్కవాడిని మెల్లగా అడిగాడు. "ఆట బయటనే షురూ అయ్యిందా?"

సీతాబాయి ముందుకొచ్చింది. "అక్కా, నీకేమన్న జరమొచ్చిందా? గాజులెందుకే? మేం ఆట సూడనీకొచ్చినం!"

"పుస్తకాలెందుకు మరి?"

"టికెట్టు లేదు. చిట్టీ పుస్తకం సూపిస్తే సాలు, లోపలికి పంపుతమన్నడు నీ కొడుకు. నీకు జెప్పలేదా?"

అప్పటికి నవ్వు మెట్ల మీది నుంచి రోడ్డు దాకా పాకింది. అద్దం తలుపు తెరుచుకుంది. మహేందర్, వాడి వెనక చంద్రయ్య. లోపల వేదిక మీద ఒగ్గు కథ వాళ్ళు డోళ్ళు సరిచూసుకుంటున్నారు. ఆ దబదబలు అవే. సత్తెమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది.

మహేందర్ పక్కన కూర్చున్నాడు. గాజుల వంక చూడలేదు. ఆమె చేతిలో ఉన్న తాళంచెవి వంక చూశాడు.

"ఏ రూమమ్మా?"

"మన రూమే."

"దాన్ని ఇడిసిపెట్టినం గద."

"మీరు ఇడిసిపెట్టిండ్రు. నేను ఇడిసిపెట్టలే." దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. "నువ్వు కూరగాయలకిచ్చిన పైసల్ల మిగిల్చి కిరాయి కట్టిన. బియ్యం గూడ పెట్టిన. నెలనెలా మారుస్తున్న."

"అందుకేనా!" చంద్రయ్య నుదురు కొట్టుకున్నాడు. "పదకొండేండ్ల సంది ఫ్లాటుల కూసోని పురుగుల బియ్యం తింటున్న! దుకాణపోణ్ణి ఎన్ని తిట్లు తిట్టిన్నో పాపం!"

మళ్ళీ నవ్వులు. మహేందర్ నవ్వలేదు. తల పక్కకు తిప్పుకుని రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఎండ" అన్నాడు. వాళ్ళు కూర్చున్నది నీడలో.

తలుపు దగ్గర పుస్తకాలు చూసి ఒక్కొక్కరినీ లోపలికి పంపారు. మెత్తటి కుర్చీల్లో కూర్చోవడానికి కొందరు జంకారు. ఇలాంటి హాళ్ళు తుడిచిన వాళ్ళే కాని, వెలుతురు తగ్గాక వాటిలో కూర్చున్న వాళ్ళు కాదు. సత్తెమ్మకు ముందు వరసలో సీతాబాయి పక్కన చోటిచ్చారు.

కథ మొదలయ్యే ముందు మహేందర్ వేదిక ఎక్కాడు. మాట్లాడడం వాడికి అంతగా రాదు.

"కరోనా వచ్చిన ఏడు మీ అందరికీ యాదికున్నది" అన్నాడు. "మూడు హాస్టళ్ళల్ల ఒక్క పిల్లగాడు లేడు. బిల్డింగుల కిరాయిలు మాత్రం కట్టాలె. చిట్టీ పాడుకున్నోళ్ళు అందరు ఒక్కపారి వస్తే నా కాడ పైస లేదు. ఆ పొద్దు తాళమేసి పోదామనిపించింది. అబద్ధం జెప్ప. అప్పుడు సీతక్క వచ్చింది. 'మావోళ్ళందరితోని మాట్లాడిన, ఆర్నెల్ల దాకా ఎవ్వలు నీ గేటు తట్టరు' అన్నది. నిజంగనే ఎవ్వలు తట్టలే. మీరు గూడ పని లేక ఉపాసమున్న దినాలు. ఈ హాలు ఆ ఆర్నెల్లతోనే నిలవడ్డది. అందుకే మొదటి ఆట మీకు. మా అమ్మకు జెప్తే నిద్రపోదని చెప్పలే. తప్పు నాదే."

డోలు మోగింది. మల్లన్న కథ మొదలైంది. సత్తెమ్మకు మాత్రం కొడుకు మాటలే చెవుల్లో ఉన్నాయి. ఆ ఏడాదంతా ఆమె కిటికీ పరదాలు వేసుకుని, ఎవరు తలుపు తట్టినా కొడుకును కొట్టడానికే వస్తున్నారని వణికింది. ఈ మనుషులకే భయపడింది. ఆ మనుషులే వాడిని నిలబెట్టారు.

చీకట్లో సత్తెమ్మే సీతాబాయి చేయి వెతికి పట్టుకుంది. "ఇన్నేండ్లల్ల ఒక్క మాట నాకు జెప్పలేదు గదనే."

"చెప్తే నువ్వుండనిస్తవా అక్కా? ఇంటింటికొచ్చి అడుగుతుంటివి, 'నిజంగ తట్టరా, నిజంగ తట్టరా' అని." సీతాబాయి కళ్ళు వేదిక మీదే ఉన్నాయి. మళ్ళీ తనే అంది. "అయితే తాళమేసిన ఆ నాలుగో రూము నీదేనన్నట్టు. నర్సయ్యను అడిగితే మనుషులున్నరన్నడు."

సత్తెమ్మ తల దించుకుంది. కిందటి వారమే సీతాబాయి ఆమెను అడిగింది, తన దగ్గర పనికి కొత్తగా చేరిన రేణుకకు ఎక్కడైనా రూముంటే చెప్పమని. భర్త పోయిన పిల్ల. రెండేళ్ళ బిడ్డతో సీతాబాయి గదిలోనే, ఆరుగురి మధ్య సర్దుకుంటోంది. అప్పుడు సత్తెమ్మ "ఏమో, నాకేం ఎరుక" అని ముఖం తిప్పుకుంది.

కథ అయ్యేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. రేణుక బిడ్డను చంకన వేసుకుని, హాలు చివర కుర్చీల కింద పడ్డ కాగితాలు ఏరుతోంది. సత్తెమ్మ దగ్గరికి వెళ్ళి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

"నాలుగో తలుపు. ఈ నెల కిరాయి కట్టేసిన. వచ్చే నెల సంది నర్సయ్యతోని నువ్వే మాట్లాడుకో. బియ్యం ఇయ్యాల్నే పోసిన, వండుకో. స్టవ్వు మంట జర జోరుగుంటది, పిల్లను దూరం పెట్టు."

రేణుక వంగి కాళ్ళు ముట్టుకోబోయింది. సత్తెమ్మ పట్టుకుని ఆపింది.

"నాకెందుకమ్మా దండం? మీ సీతక్కకు పెట్టు."

నాలుగడుగులు వేసింది. ఆగింది. మెట్ల దగ్గర మహేందర్ కారు తలుపు తీసి నిలబడి, గాజులు వేసుకోమని సైగ చేస్తున్నాడు. ఆమె వెనక్కి తిరిగి వచ్చి గొంతు తగ్గించింది.

"రేణుకా, చాపలు రెండున్నయి. పారెయ్యకు. ఒకవేళ ఎప్పుడన్న, ఏమో, మాట వరసకే అంటున్న, మాకు కష్టమొస్తే... జర జరిగి చోటిస్తవా?"

రేణుక బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

"రాండ్రి పెద్దమ్మా. ఎందరొచ్చినా పడతం."

సత్తెమ్మ తల ఊపింది. అప్పుడు గాజులు వేసుకుంది.