చుక్క పొడిచేదాకా

మారథాన్‌కి ముందు ఆఖరి వారం పరుగెత్తకూడదట. ఈ ముక్క నా సొంతం కాదు, మా సన్యాసిరావు మాస్టారిది. ప్లాంటులో రిటైరైనా ఇంకా పొద్దున్నే మెడలో విజిల్ వేసుకుని గ్రౌండులో మమ్మల్ని తరిమే మనిషి ఆయన. ఆదివారం ఆఖరి పరుగు అయ్యాక నన్ను పక్కకి పిలిచి, "ఇన్నాళ్లూ పరిగెట్టింది సాలమ్మా త్రివేణీ. ఈ వారం తిను, తొంగో, కాళ్లు సాపుకుని కూకో. తిండి మాత్రం మానీకు. పోయినేడు ఏటయిందో గేపకముందా?" అన్నారు.

జ్ఞాపకం లేకేం! పోయినేడు కార్తీక సోమవారాలన్నీ ఉపవాసాలుండి, ఆ నీరసంతోనే పరుగుకి దిగి, సగం దాటాక పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూలబడ్డాను. నేను పనిచేసేది నర్సింగ్ హోములో. రోజూ స్ట్రెచర్ తోసే దాన్ని, ఆ రోజు నన్నే స్ట్రెచర్ మీద తోశారు. ఈసారి కూడా పూర్తి చేయలేకపోతే ఇంక నాకు మారథాన్ లేదు. అరిగిన నా మోకాలు చూసిన డాక్టరు, ఈ ఒక్కటీ అయ్యాక పెద్ద పరుగులు కట్టిపెట్టెయ్యమని తేల్చేశాడు. పెళ్లయ్యాక నాకంటూ నేను మొదలుపెట్టిన పని ఇదొక్కటే. దాన్ని సగంలో వదిలేసి ముసలిదాన్నవడం నాకు ఇష్టం లేదు.

అందుకే ఈ ఏడు కార్తీకం రాకముందే మా అత్తకి చెప్పేశాను. "అత్తా, ఈసారి నేను ఉపవాసాలు ఉండను. పరుగయ్యేదాకా నా వల్ల కాదు."

మా అత్త చిలకమ్మ టెక్కలి దగ్గర్నుంచి కోడలిగా ఇంత దూరం, ఈ హిందీ రాజ్యంలో ఉక్కు కార్ఖానా పక్కనున్న భుయ్యాడీహ్ బస్తీకి వచ్చిన మనిషి. ఊరు మారినా పద్ధతి మారలేదు. కార్తీక సోమవారం నాడు చుక్క పొడవనిదే, ఆ చుక్కని తన కళ్లతో చూడనిదే మెతుకు ముట్టదు. ఇల్లెక్కి తిడుతుందనుకున్నాను. "నీ ఇష్టం" అని చీపురందుకుని వాకిట్లోకి పోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

అంతటితో ఊరుకుందా? సోమవారం ఎలాగూ ఉపవాసం. మర్నాడు మంగళవారం కూడా పొద్దున్న టిఫిన్ ముట్టడం మానేసింది. వారం వారం ఇదే వరస. ఏమైందని అడిగితే "ఆకలి నేదు" అని మొహం తిప్పుకోవడం. నాకు అర్థం కాదా ఏమిటి? అలక! నేను ఉపవాసం మానేసినందుకు అలక. నేను డ్యూటీకి పోయాక తింటుందిలే అని సరిపెట్టుకునేదాన్ని. కానీ నేను పళ్లెం ముందు కూర్చుంటే ఆవిడ గోడకి జారబడి నా వైపు చూస్తూ ఉండేది. ముద్ద దిగితేనా!

సరే, ఆఖరి వారం వచ్చింది. విశ్రాంతి అన్నారు కదా మాస్టారు. పొద్దున్నే పరుగుకి వెళ్లడం లేదని తెలియగానే నేను ఖాళీ అని ఇంటిల్లిపాదికీ అర్థమైపోయింది. మా ఆయన ఆదిబాబు కాంట్రాక్టులో క్రేను నడుపుతాడు. సోమవారం పొద్దున్న దుప్పటిలోంచే, "ఏటే, ఈయాల ఖాళీయే కదా, నా డూటీ బట్టలు, డాంగ్రీలు జర ఉతికీ" అన్నాడు. మా అమ్మాయి అర్పిత కాలేజీ బ్యాగు తగిలించుకుంటూ, "మమ్మీ, ఆప్ తో ఫ్రీ హో నా? మేరా సూట్ ఆల్టర్ కరా దో" అని తన చుడీదారు కుట్టు సరిచేయించే పని నా మీద పడేసింది. కాళ్లు చాపుకునే మాట దేవుడెరుగు, డ్యూటీకి వెళ్లేసరికే నడుము పడిపోయింది. పరుగెత్తినప్పుడే సుఖంగా ఉండేది, నిజం చెప్పాలంటే. అలసట ఉన్నా అది నా అలసట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్త మేడ మీద ఉంది. అది కార్తీకంలో ఆఖరి సోమవారం. బంగాళాఖాతంలో వాయుగుండమట, ఆకాశమంతా మబ్బు. చుక్క కాదు గదా, చందమామ ఉన్నా కనబడని రోజు. ఎక్కుతుంది, చూస్తుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. మా ఆయనకి విసుగొచ్చి, ఇళ్ల కప్పుల మీదుగా దూరంగా కార్ఖానా చిమ్నీ మీద ఆరుతూ వెలుగుతున్న ఎర్ర దీపం వైపు వేలు చూపించాడు.

"అదిగోనే అమ్మా సుక్క. దండమెట్టీసి తినీ."

"ఓరి నీ మొకం మండ! చిమ్నీ లైటుని సుక్కంతావేట్రా? నన్ను ఎర్రిదాన్ని సేత్తన్నావా?" అని అత్త అంతెత్తు లేచింది. "మబ్బు యిడిపోతే తింతాను. నేదంటే నేదు."

మబ్బు విడవలేదు. నేను బతిమాలాను, కసిరాను, నర్సులా భయపెట్టాను. ఆవిడకి షుగరు. "పొద్దున్నే సూద్దార్లే, పోయి పడుకో, నీకు నిద్ర కావాల" అని నన్నే తోసేసింది. పడుకున్నాను. అలిసి ఉన్నాను, ఒట్టు, మరో మాట ఆలోచించే ఓపిక లేదు.

తెల్లవారుతుండగా వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు. వెళ్లి చూద్దును కదా, అత్త స్టవ్ పక్కన కూలబడి ఉంది. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట ముద్దగా వస్తోంది. షుగరు పడిపోయింది. అన్నం మానేసింది గానీ మాత్ర మానలేదు. మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదని ఆవిడ నెత్తిన మొత్తుకున్నది నేనే మరి! పంచదార నీళ్లు కలిపి గొంతులో పోశాను. రెండో గుక్కకి తల తిప్పేసింది. గడ్డం పట్టుకుని మొత్తం తాగించాను.

కాసేపటికి తెలివొచ్చింది. తెలివి రాగానే ఏడుపు.

"ఎంత పని సేసీసేవే! ఈయాల మంగలారం. నీ ఉపాసం సెడిపోనాది."

"నా ఉపవాసమేమిటి?"

"సోమారం నాది. మంగలారం నీది." ముక్కు కొంగుతో తుడుచుకుంది. "నువ్వుండలేనన్నావు గదే. ఉపాసాలున్నా పోయినేడు పడిపోనావు, మొక్కు మానీసి పరిగెడితే ఇంకేటవుతాదోనని బయ్యమేసింది. నీ బదులు అన్ని వారాలూ ఉన్నాను. ఈ ఒక్కటే మిగిలింది. ఇదీ సెడిపోనాది."

నెల రోజులుగా అలక అనుకుని నేను పళ్లు నూరుకున్నది దీని మీదనా! కోపం వచ్చింది నాకు. ఆవిడ మీదో, నా మీదో తెలియదు. సిగ్గు కూడా వేసింది. ఉప్మా చేసి ముందు పెడితే ముట్టనంది. చెడిన ఉపవాసాన్ని మళ్లీ నీళ్లతో మొదలుపెడతానంది. మళ్లీ పడిపోతే చస్తావు అన్నాను. చస్తే చస్తానంది. ఇలాంటి మనిషితో ఏం చేస్తాం?

"సరే అత్తా. ఆ ఉపవాసం నాది కదా, నాకిచ్చెయ్. ఈ రోజు నేనుంటాను. నువ్వు తిను."

"వద్దే! మళ్లీ రోడ్డు మీద పడతావు."

"నువ్వు తింటే ఉంటాను. తినకపోతే ఆదివారం నేను మారథాన్‌కే వెళ్లను. ఏది కావాలో చెప్పు."

నా మొహంలోకి చాలాసేపు చూసి పళ్లెం దగ్గరకి లాక్కుంది. ఏడుస్తూనే తిన్నది.

తిండి మానొద్దన్న వారంలో నేను కటిక ఉపవాసంతో డ్యూటీకి వెళ్లాను. మధ్యాహ్నం మాస్టారు ఫోన్ చేసి "బోయినం సేసేవా అమ్మా?" అంటే, "చేశానండి" అని అబద్ధమాడాను. సాయంత్రానికి మెట్లు రెయిలింగు పట్టుకుని దిగాల్సి వచ్చింది. ఆటోలో కూర్చుంటే ఎడమ పిక్క తనంతట తానే అదరడం మొదలుపెట్టింది. పోయినేడు కూడా ఇలాగే మొదలైంది. అయిపోయింది, ఈసారి కూడా అయిపోయినట్టే అనుకున్నాను. ఎవరి మీదా కోపం కూడా రాలేదు. అంత అలిసిపోయాను.

మేడ మీదకి నేనూ అత్తా ఎక్కాం. వెనకే మా ఆయన వచ్చాడు. మబ్బు నిన్నటికంటే చిక్కగా ఉంది. పిట్టగోడకి ఆనుకుని పిక్క నొక్కుకుంటూ కూర్చుండిపోయాను. అత్త పైకి చూస్తోంది, నా కాలి వైపు చూస్తోంది, మళ్లీ పైకి చూస్తోంది.

"పద అత్తా, కిందికి పోదాం. నువ్వు నిన్న ఉన్నట్టే నేనూ ఉంటాను."

"ఆగు" అంది అత్త. చెయ్యెత్తి చూపించింది. "అదిగో. పొడిసింది సుక్క."

అటు తిరిగాను. ఇళ్ల కప్పుల మీదుగా, దూరంగా, కార్ఖానా చిమ్నీ మీద ఎర్ర దీపం ఆరి వెలుగుతోంది.

మా ఆయన నోరు తెరిచాడు. "అమ్మా, అది..."

"నోర్ముయ్‌రా! నా కంటికి కానొచ్చింది. నీకేటి?" అని అత్త గదిమింది. "దండమెట్టుకో త్రివేణీ."

పెట్టుకున్నాను. కొంగు చాటున మూత పెట్టిన పళ్లెం ఎప్పుడు తెచ్చిందో, పప్పన్నం కలిపి ఉంది. ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది. నేను ఆవిడ మొహం వైపే చూస్తున్నాను. నా కళ్లలో నీళ్లు ఆగడం లేదు.

"అలా సూత్తావేటే? పాపమేటున్నా నాకే సుట్టుకుంటాది. నువ్వు తిను."

తిన్నాను. ఇంకో ముద్ద పెట్టమని అడిగి మరీ తిన్నాను.