స్పీకరుకు ప్రాక్టీసు

బడిలో అందరూ ఆయన్ని బాకా మాస్టారు అనేవారు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు బాకా ఊదడం నేర్పుతున్నా, పై అధికారుల దగ్గర మాత్రం ఒక్కసారీ ఊది ఎరగని మనిషి. ఒకప్పుడు ఆయన బ్యాండులో పద్నాలుగు మంది పిల్లలుండేవారు. ట్యూషన్లు కొందరిని, కంప్యూటర్ క్లాసులు కొందరిని లాక్కుపోగా చివరికి పెద్ద డోలు వాయించే పిల్ల ఒక్కతే మిగిలింది. ఆ పిల్లకీ పళ్లకు క్లిప్పులు వేశారని మాన్పించేశారు. డోలుకూ పళ్లకూ సంబంధమేమిటని మాస్టారు అడిగితే, “రిస్కెందుకులెండి” అంది వాళ్లమ్మ.

అప్పుడు ప్రధానోపాధ్యాయిని, అందరూ పెద్ద మేడమ్ అనే ఆవిడ, నడుమెత్తు నల్ల స్పీకరు ఒకటి కొనిపించి బ్యాండు గదిలో పెట్టించింది.

“ఇక మీకు ఏ తలనొప్పీ లేదు మాస్టారూ. బటన్ నొక్కితే కవాతు పాట వచ్చేస్తుంది.”

“మరి నేనేం చెయ్యాలి మేడమ్?”

“టైంటేబుల్లో వారానికి నాలుగు పీరియడ్లున్నాయి కదా. దానికి ప్రాక్టీసు చేయించండి.”

మాస్టారు పని ఎగ్గొట్టే రకం కాదు. బటన్ నొక్కి, చేతులు కట్టుకుని శ్రద్ధగా వినేవాడు. మూడో చరణంలో అది తొందరపడేది. “నెమ్మది!” అని కసిరేవాడు. మర్నాడూ సరిగ్గా అక్కడే తొందరపడేది. పరీక్షలు రాగానే ప్రోగ్రెస్ కార్డులో ఇలా రాశాడు: ‘క్రమశిక్షణ బాగుంది. చెప్పింది చెవికెక్కించుకోదు. వందకు ముప్ఫై ఒకటి.’

పెద్ద మేడమ్ తల పట్టుకుంది. “బడుల బ్యాండు పోటీకి పంపాల్సిన దాన్ని ఫెయిల్ చేస్తే ఎలాగండీ?” అని తనే నాలుగు మార్కులు కలిపి గట్టెక్కించింది.

పోటీకి ఆరు బడుల నుంచి ఆరు స్పీకర్లు వచ్చాయి. వాటిని వేదిక మీద వరసగా నిలబెట్టారు. ఒకదానికి టోపీ కూడా పెట్టారు. అన్నిట్లోనూ అదే పాట. న్యాయనిర్ణేత ఆరుసార్లూ కళ్లు మూసుకుని విని, అన్నిటికీ ఒకే మార్కు వేశాడు.

“సమానం వచ్చింది. తలా ఇంకో పాట వాయించండి” అన్నాడు.

ఇంకో పాట ఏ స్పీకర్లోనూ లేదు. మాస్టార్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బాకా మాస్టారుకి ఏమనిపించిందో ఏమో, సంచిలోంచి బాకా తీసి, పెదవులు తడుపుకుని ఊదాడు. పెళ్లయిన కొత్తలో భార్య కోసం కట్టిన చిన్న పాట అది.

మొదటి స్వరానికే హాలంతా జేబులు తడుముకుంది. “ఎవరిదండీ ఆ ఫోను? ఆపండి!” అని ఎవరో విసుక్కున్నారు. ముందు వరసలో ఒకాయన ఫోను చెవిన పెట్టుకుని “హలో” అన్నాడు. శబ్దం మనిషి దగ్గర్నుంచి వస్తోందని తెలిశాక ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ‘హలో’ అన్నాయన ఫోను చెవికలాగే ఉంచుకుని, నోరు తెరుచుకుని విన్నాడు.

న్యాయనిర్ణేత కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నిబంధనల కాగితం తిరగేశాడు.

“ప్రాణం లేచొచ్చిందండీ. కానీ మీ బ్యాండు సభ్యుల జాబితాలో స్పీకరు ఒక్కటే ఉంది. బయటి మనిషి చేత వాయించారు కాబట్టి మీ బడి పోటీలో లేనట్టే.”

టోపీ పెట్టిన స్పీకరుకి కప్పు ఇచ్చారు.

ఇల్లు చేరేసరికి మాస్టారు పెదవులు వాచిపోయి ఉన్నాయి. భార్య చూసి హడలిపోయింది.

“ఎవరితోనైనా గొడవపడ్డారా ఏంటి?”

“ఊదాను.”

ఆవిడ చన్నీళ్లలో గుడ్డ తడిపి తెచ్చింది. “ఏ పాట?”

“మన పాట.”

“చివర్లో ఊపిరి అందిందా?”

“అందలేదు.”

“అందదు. నాకు తెలుసు” అంటూ గుడ్డ ఆయన మూతికి అద్దింది.

మర్నాడు బ్యాండు గదికి ఒకమ్మాయి వచ్చింది. పోటీలో చప్పట్లు కొట్టడానికి తీసుకెళ్లిన పిల్లల్లో ఒకతె. బాకా గొట్టంలోకి తొంగి చూసి, “సార్, దీనికి ఛార్జింగ్ ఎక్కడ పెడతారు?” అని అడిగింది.

మాస్టారు బాకా ఆ పిల్ల చేతికిచ్చాడు. ఊదితే దూడ అరిచినట్టు వచ్చింది. పెద్ద మేడమ్ ఆఫీసు గదిలోంచి పరిగెత్తుకొచ్చింది.

“ఎవరికి దెబ్బ తగిలింది?”

“ఎవరికీ లేదు మేడమ్” అని మాస్టారు అమ్మాయి వైపు తిరిగాడు. “బుగ్గలు ఉబ్బించకు. ఏదీ, ఇంకోసారి.”

అమ్మాయి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. పెద్ద మేడమ్ రెండు చెవులూ మూసుకుంది గానీ, గుమ్మంలోంచి మాత్రం కదల్లేదు.