నంబరు ముందు టీ

పొద్దున పది కాగానే మౌలా అలీ రెజిమెంటల్ బజార్లో తన దుకాణం షట్టర్ ఎత్తుతాడు. ఊడుస్తాడు, స్క్రూడ్రైవర్లు పొడుగు వరసన పేర్చుకుంటాడు, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా ఎవరితోనూ మాట్లాడడు. డెబ్భై ఒక్క ఏళ్లొచ్చినా ఈ వరస తప్పలేదు. తప్పిందల్లా సన్యాసిరాజు అనే గిరాకీ తెచ్చిన ఆంప్లిఫయర్ దగ్గరే.

పాత విదేశీ సెట్టు. స్విచ్ నొక్కితే టప్పున ఫ్యూజు పోతుంది, ఆపైన ఉలుకూ పలుకూ ఉండదు. మధ్యలో బల్బు కలిపి కరెంటిస్తే బుద్ధిగా వెలుగుతుంది. బల్బు తీసి నేరుగా ఇచ్చాడా, మళ్లీ టప్. ట్రాన్స్‌ఫార్మర్ చూశాడు, ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటి ఊడబెరికి చూశాడు. దేంట్లోనూ వంక లేదు. వంక లేని యంత్రం నడవకపోతే మనిషి ఎవర్ని తిట్టాలి?

పైగా సెట్టు అలిగింది. అలిగిన సెట్టు బరువెక్కుతుందని ఆ బజార్లో అందరికీ తెలిసిందే. పదకొండు రోజుల్లో బల్ల నడుమ కుంగిపోయి కింద ఇటుకలు పెట్టాల్సొచ్చింది.

"ఏటి మాస్టారూ, తీసుకుపోదామంటే కదల్దేటి?" అన్నాడు సన్యాసిరాజు, రెండు చేతులా లాగి. "మా నాన్న దీన్ని సంకన పెట్టుకు తిరిగీవోడు."

"అలిగింది. జుమ్మాకు మోగుతది, పో."

"పోయిన శుక్రవారమూ అదే అన్నారు కదండీ."

"ఏ జుమ్మానో చెప్పిన్నా?"

అతను వెళ్లాక కూతురు అఫ్రీన్ మెల్లగా కదిపింది. "అబ్బాజాన్, జిద్దు వదులు. బొల్లారంలో సైలస్ అంకుల్‌ని ఒక్కసారి అడుగు."

ఆ పేరు వినగానే మౌలా అలీ ఐరన్ పక్కన పెట్టాడు. "ఈ శుక్రవారం పొద్దుగూకే అజాన్ లోపల ఇది మోగకపోతే దుకాణం చాబీ నీది. ఫోన్ కవర్లమ్ముకో, గాజులమ్ముకో. నేను ఇంట్ల కూసుంట." అని చాబీ తీసి గోడ మేకుకు తగిలించాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన ఇంటావంటా లేదు.

ఒకప్పుడు దుకాణం ఇద్దరిది. చెయ్యి మౌలాది, చదువు సైలస్‌ది. మౌలాకు అంకెలు వచ్చు, అక్షరాలు మాత్రం చీమల బారులా కనబడేవి. ఒకనాడు దుకాణం నిండా గిరాకీ ఉండగా ఒక పెద్దమనిషి కాగితం ఇస్తే తలకిందులుగా పట్టుకున్నాడు. "వానికి అంకెలే వస్తయ్ సార్, అక్షరం ముక్క రాదు," అని సైలస్ నవ్వాడు. ఆ నవ్వుకు, ఆ వెంటే సైలస్ దుకాణం విడిచిపోవడానికి పదిహేడేళ్లు. అప్పట్నుంచి మౌలా అలీ ఆ పేరెత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు చదివొచ్చి ఇంకో ఫ్యూజు పెట్టాడు. టప్. చాలాసేపు చాబీ వంక చూశాడు. కాలిన ఫ్యూజును జేబులో వేసుకుని, అఫ్రీన్‌కు చెప్పకుండా స్టేషన్‌కు పోయి బొల్లారం ఎమ్మెమ్టీఎస్ ఎక్కాడు.

రైలు కదిలేసరికి చొక్కా జేబు పొట్టమీదికి జారింది. భుజం వంగింది.

"పెద్దాయనా, జేబుల ఏముంది?" అంది పక్కనున్న పూలమ్మే ఆమె.

"ఫ్యూజు."

"అయ్యో, జెర ఇటు ఒరుగు," అని బుట్ట జరిపి చోటిచ్చింది.

ఫోన్ మోగింది. అఫ్రీన్. "అబ్బాజాన్, ఏడున్నవ్? సెట్టు తేలికైంది. నేనొక్కదాన్నే ఎత్తి కింద దుమ్ము సుత తుడిచిన. బరువు ఏడికి పోయిందో ఏమో."

మౌలా అలీ జేబును రెండు చేతులా పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ అలిగింది సెట్టు కాదని అప్పుడు తెలిసింది. ఫోన్ పెట్టేశాడు.

సైలస్ వాకిట్లో మిక్సీ విప్పుకుని కూర్చున్నాడు. తలెత్తి చూశాడు, రమ్మనలేదు, పొమ్మనలేదు. మౌలా అలీ ఫ్యూజు తీసి స్టూలు మీద పెడితే స్టూలు కిర్రుమంది. విదేశీ సెట్టు సంగతి, బల్బు పెడితే వెలిగిన సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. సైలస్ దాన్ని రెండు చేతులా ఎత్తి వెలుగుకు పెట్టాడు.

"టీ ఏడ?"

"నీ ఇంట్ల నేను టీ తాగ. పనికొచ్చిన."

"చాయ్‌ని టీ అనుడు ఎప్పట్సంది నేర్చినవ్ రా? ఫ్యూజు మీద ఇంగ్లీషు టీ అక్షరం ఏడ అంటున్న. సెట్టు ఎనక, అయిదు నంబరు ముందు, అడ్డగీత కింద నిలువుగీత లేదా?"

"ఉంది. సుత్తె లెక్క. డిజైన్ అనుకున్న."

"అదే టీ. నిదానంగ కాలే ఫ్యూజు పెట్టమని. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లేవంగనే ఒక్క గుటక ఎక్కువ గుంజుతది. బల్బు పెడితే ఆ గుటక ఆగుతది, గందుకే వెలిగింది. నీ ఫ్యూజుకు గుటకంత ఓపిక సుత లేదు."

మౌలా అలీ గోడకేసి చూస్తూ అన్నాడు. "అందరి ముందు నవ్వినవ్."

"నవ్విన. తప్పే." సైలస్ లోపలికి పోయి ఒక రేకు డబ్బాను నేలమీద ఈడ్చుకుంటూ తెచ్చాడు. "దీంట్ల టీ ఫ్యూజులున్నయ్. పదిహేడేండ్ల సంది ఈ డబ్బా లేవదు."

"నీకేం అలక?"

"నేను పోతుంటే ఉండుమనలేదు నువ్వు."

మౌలా అలీ చొక్కా చేతులు పైకి మడిచాడు. వంగి డబ్బాకు ఒక పక్క చెయ్యేశాడు. రెండో పక్క సైలస్ వేశాడు. లేచింది.

అజాన్‌కు ఇంకా కొంచెం పొద్దుండగా ఇద్దరూ దుకాణం చేరారు. ఫ్యూజు బిగించాడు. స్విచ్ నొక్కాడు. టప్ అనలేదు. చిన్న ఎర్ర దీపం వెలిగి, స్పీకర్లలో సన్నగా ఊపిరి తీసినట్టు వినబడింది. సన్యాసిరాజు వచ్చి సెట్టును సంకన పెట్టుకుని పోయాడు.

అఫ్రీన్ మేకు వంక చూసింది. మౌలా అలీ చాబీ తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత సుద్దముక్క పట్టి బల్ల మీద అడ్డంగా ఒక గీత, దాని కింద నిలువుగా ఒక గీత గీశాడు. గీతలు వంకర పోయాయని చెరిపి మళ్లీ గీశాడు.

"ఇదొకటి అయింది. ఇంక ఎన్నున్నయ్?"

"ఇరవై అయిదు," అన్నాడు సైలస్.

"రేపు పదింటికి రా. ఒకటి చెప్పు. గిరాకీ ఉన్నప్పుడు మాత్రం చెప్పకు."