పాత చెప్పు కట్టిన చోటు

నేను ఒక పికప్ బండిని. పాతదాన్ని. రంగు చూసి మోసపోకండి, అది ఈమధ్య వేసింది. ఆ రంగు కింద నేనెంత భయపడుతూ తిరిగానో చెబుతాను. భయపడిన మనిషికి కనీసం నోరుంటుంది. బండికి ఉండేది చప్పుడొక్కటే. దాన్ని కూడా మనుషులు చేతి డబ్బు పెట్టి మరీ పోగొడతారు.

ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు నాకు భయమంటే తెలియదు. నాలాంటివే వరసగా నిలబడి ఉండేవి, అందరిదీ ఒకటే మొహం. ఎంత బరువు మోయగలనో నా తలుపు మీద రాసి పంపించారు. నన్ను మొదట కొన్నది గుర్రంకొండ దగ్గర కోళ్లఫారం పెట్టిన గోపిరెడ్డి. ఆ రాత చదివి నవ్వాడు. "రాసినోడు వచ్చి మోస్తాడా? మోసేది బండి గదా" అన్నాడు. ఆ తర్వాత ఆ రాత వైపు ఎవరూ చూడలేదు. కోళ్ల గంపలు క్యాబిన్‌ని మించి లేచేవి. ఒక వానాకాలం కల్వర్టు దగ్గర గుంతలో వెనక చక్రం పడింది. కిందెక్కడో ఠప్పుమంది. నా చాసీ, అంటే మనిషికి వెన్నెముకలాంటిది, ఎడమ పక్క చీలింది.

కమ్మరి కొలిమి దగ్గరికి తీసుకుపోయారు. ఆయన చీలిక మీద మందపాటి ఇనప పట్టీ వేసి నాలుగు మూలలా బోల్టులు బిగించాడు. చూడ్డానికి పుండుకు కట్టు కట్టినట్టుండేది. అయినా నన్ను పట్టి నిలిపింది అదే. గోపిరెడ్డి మాత్రం అంతటితో నా మొహం చూడ్డం మానేశాడు. నడుం విరిగేదాకా వాడుకుని, విరిగాక వదిలించుకోవడం బండ్ల విషయంలోనే జరుగుతుందని నేననను.

అప్పుడొచ్చాడు చెంగల్రాయుడు. మదనపల్లె నుంచి తిరుపతికి టమాటాలు తోలే మనిషి. కొనేముందు నా కిందికి దూరి, పట్టీని చేత్తో తడిమి చూశాడు. చూసి కూడా కొన్నాడు. కొత్త బండి కొనే శక్తి లేకపోవడం వల్లనే అనుకోండి, నాకు మాత్రం అది గౌరవంలాగే తోచింది.

అతని భార్య నాగవేణి. టమాటాలు మండీలో దింపేటప్పుడు బేరం ఆమెదే, అందుకని ప్రతి ట్రిప్పుకీ పక్కసీట్లో ఉండేది. నేను వాళ్లింటికి వచ్చిన కొత్తలోనే మొగుడి తెగిన చెప్పొకటి తెచ్చి, నల్లతాడుతో ఆ పట్టీ కింది బోల్టుకు వేలాడగట్టింది. దిష్టికట. నా మొహానికి దిష్టి పెట్టే కళ్లు ఈ జిల్లాలో ఎక్కడున్నాయో నాకు తెలియదు. భాకరాపేట ఘాటు రోడ్డు దిగేముందు చిన్న గుడి ఉంది. బండ్లన్నీ అక్కడ ఆగుతాయి, టెంకాయ కొడతాయి. అందరూ నిమ్మకాయ, మిరపకాయలు ముందర కడితే ఈమె వెనక్కొచ్చి ఆ బోల్టుకే కట్టేది. "ఎదురుగా వచ్చేవాళ్లు మంచోళ్లే. ఎనకనించి చూసే కండ్లే చెడ్డవి" అనేది.

బోల్టులు వదులైనప్పుడు పట్టీ టక్కు టక్కుమనేది. చెంగల్రాయుడు చెవి అటే ఉండేది. మాట మధ్యలో ఆపేసి, బండి పక్కకు తీసి, స్పానరుతో కిందికి దూరేవాడు. మేమిద్దరం మాట్లాడుకున్నది అంతే. అంతకంటే ఎక్కువ మాట్లాడుకునే దంపతులను కూడా నేను పెద్దగా చూడలేదు.

ఒకరోజు మండీలో ఒక వ్యాపారి నా చుట్టూ తిరిగి, "ఏం చెంగల్రాయుడూ, టమాటాలు తెచ్చినావా, కోడిగుడ్లు తెచ్చినావా? బండి చూస్తే కోళ్లగూడు మాదిరి ఉండాది" అన్నాడు. నలుగురూ నవ్వారు. చెంగల్రాయుడు కూడా నవ్వాడు, కానీ వారం తిరక్కుండా నన్ను బండ్లు బాగుచేసే బాబ్జాన్ షెడ్డులో వదిలాడు.

"చెంగల్రాయన్నా, పెండ్లికొడుకును చేసి ఇస్తా పో" అన్నాడు బాబ్జాన్. మంచివాడే. తుప్పంతా గీకాడు, తలుపులు సరిచేశాడు, ఇంజను విప్పి కడిగి మళ్లీ బిగించాడు. నా ఒంటికి నెమలికంఠం రంగు వేశాడు. చప్పుడు రాకుండా అడుగంతా రబ్బరు పరిచాడు. పాటల సెట్టు పెట్టాడు. వెనక ఆ పట్టీ అతనికి అసహ్యంగా కనపడింది. విప్పి మూల పడేసి, చీలిక మీద లప్పం పూసి, నున్నగా రుద్ది, రంగు కొట్టేశాడు. అడగాల్సిన మాట ఎవరూ అడగలేదు. చీలికకు లోపలి పక్క వెల్డింగు పడే ఉంటుంది, అందుకే ఏమీ చెప్పకుండా బండి ఇచ్చారని బాబ్జాన్ అనుకున్నాడు. బాబ్జాన్ వెల్డింగు చేసే పట్టీ తీసుంటాడని చెంగల్రాయుడు అనుకున్నాడు. అసలు కిందికి దూరి చూస్తే కదా. నన్ను తీసుకుపోవడానికి కొత్తచొక్కా వేసుకొచ్చాడు ఆ రోజు.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది.

షెడ్డుకు ఇచ్చేముందు విప్పి దాచిన చెప్పును నాగవేణి మళ్లీ కట్టబోతే చెంగల్రాయుడు ఒప్పుకోలేదు. "కొత్త రంగు మింద చెప్పు కడ్తావా మే? నగుతారు జనాలు."

"నగనీ. నగితే దిష్టి తగల్దు" అంది. అయినా ఊరుకుని, చెప్పును సంచిలో వేసుకుని ఎక్కింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. క్రేట్లు నిండా ఉన్నాయి. రోడ్డు ఎగుడుదిగుడైన ప్రతిచోటా లప్పం కింద చీలిక కాస్త కాస్త నోరు తెరుస్తోంది. చెప్పాలని చూశాను. నా శక్తికొద్దీ అరిచాను. రబ్బరు మింగేసింది. మిగిలింది పాట మింగేసింది. చెంగల్రాయుడు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ, "ఎంత నెమ్మదిగా పోతాండాదో చూడు మే, కారు మాదిరి" అన్నాడు. ముందు ఘాటు ఉంది. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, మలుపు మీద మలుపు. నా బరువంతా ముందుకు తూగే చోట వెనక చక్రం నన్ను వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. క్యాబిన్‌లో ఇద్దరున్నారు. వాళ్లకు తెలియదు.

గుడి దగ్గర ఆగాం. చెంగల్రాయుడు టెంకాయ కొట్టాడు. నాగవేణి సంచిలోంచి నిమ్మకాయ దండతోపాటు చెప్పు కూడా తీసుకుని, అతను చూడకుండా వెనక్కొచ్చింది. వంగి బోల్టు కోసం తడిమింది. లేదు. ఇంకా లోపలికి తడిమింది.

"ఏమయ్యో, ఈడ పట్టీ యాడ బోయింది?"

"తీసేసినాడులే బాబ్జాను. అతికించినాడు గదా."

"అతికిస్తే గోరు ఎట్ల దిగబడతాది?"

అతను వచ్చాడు. కొత్తచొక్కాతోనే కిందికి దూరాడు. లప్పం పెళ్లగా ఊడి అతని మొహం మీద పడింది. చీలిక పొడుగునా గోరుతో గీకి చూశాడు. బయటికొచ్చాక ఆమె వైపు చూడకుండా చేతులు దులుపుకున్నాడు.

"మెల్లగ పోదాం. ఘాటు దిగితే అయిపోతాది. కాయ ఈడ్నే మగ్గిపోతే యాపారి మొహం ఎట్ల చూసేది?"

నాగవేణి గుడి మెట్టు మీద కూర్చుంది. "నువ్వు పో. నేను రాను."

"భయపడితే బతుకుతామా మే?"

"పొమ్మంటి గదా. దిగేటప్పుడు ఆ పాట మాత్రం ఆపు. పడినప్పుడు శబ్దమన్నా నాకు ఇనపడాల."

అతను విసురుగా ఎక్కి తలుపు వేసుకున్నాడు. తాళం తిప్పాడు. ఇదివరకైతే నలుగురు తోస్తే గానీ కదిలేదాన్ని కాదు. ఆ రోజు మొదటి తిప్పుకే లేచాను. బాబ్జాన్ పనితనం అంత గొప్పది. నా జన్మలో మొదటిసారి మొరాయించాలని మనసారా కోరుకున్నాను, చేతకాలేదు. బ్రేకు వదిలాడు. చక్రాలు ఒక్క మూర ముందుకు దొర్లాయి. పాట పెద్దగా మోగుతోంది. అద్దంలో అతనికి ఆమె కనిపిస్తోంది, ఒళ్లో చెప్పు పెట్టుకుని కూర్చుని ఉంది.

పాట ఆపాడు.

అప్పుడు వినపడింది. రబ్బరు కిందనుంచి, సన్నగా, తడి కట్టె విరుగుతున్నట్టు. నా గొంతు అది. చెంగల్రాయుడు మెడ అటు తిప్పి విన్నాడు. తర్వాత ఇంజను ఆపేశాడు. స్టీరింగు మీద తల ఆనించాడు. ఆమె వచ్చి చక్రం ముందు రాయి పెట్టింది.

క్రేట్లు దింపి గుడి నీడలో పేర్చారు. సాయంత్రానికి ఇంకో బండి దొరికింది. కాయ సగం మెత్తబడింది. వ్యాపారి తిట్టాల్సినవి తిట్టాడు. బాబ్జాన్, చెంగల్రాయుడు నడిరోడ్డు మీద వాదించుకున్నారు, నువ్వు చెప్పలేదంటే నువ్వు అడగలేదని. ఇద్దరూ నిజమే చెప్పారు. నాకేం లాభం.

ఇప్పుడు చీలికకు వెల్డింగు పడింది, దానిమీద మూల పడేసిన ఆ పట్టీయే మళ్లీ వచ్చింది. అక్కడ రంగు వేయనివ్వలేదు నాగవేణి. రబ్బరు పీకించేసింది. నెమలికంఠం ఒంటికి తుప్పు పట్టిన కట్టు, దానికింద తెగిన చెప్పు. మండీలో మళ్లీ నవ్వుతున్నారు. ఘాటు చూస్తే నాకు ఈరోజుకీ భయమే.

గుడి దగ్గర ఆగినప్పుడు, ఇప్పుడు చెంగల్రాయుడే ముందు వెనక్కొస్తాడు. కిందికి వంగి పట్టీ మీద అరచెయ్యి ఆనిస్తాడు. ఆ చెయ్యి వణుకుతుంది. ఇంజను ఆపేసి ఉంటుంది కాబట్టి, ఆ వణుకు నాది కాదని నాకు తెలుసు.