మూడో సీటు సంచి

పొద్దుటూరు బస్సుల షెడ్డులో రిపేరైన ఏ బస్సూ ఖాదర్ సంతకం లేనిదే రోడ్డెక్కదు. ఆయన కింద నలుగురు మెకానిక్కులు. సీటుకొక గోనెసంచి పెన్నేటి ఇసుకతో నింపి కూర్చోబెట్టి, జమ్మలమడుగు దాకా ట్రయలు పోయొస్తారు. బ్రేకు ఒకరు, స్టీరింగు ఒకరు, స్ప్రింగులు ఒకరు చూస్తారు. అందరూ సరే అన్నాక ఖాదర్ చీటీ రాస్తాడు.

తిరిగొచ్చేసరికి సంచులు మారుంటాయి. తర్వాతి ప్రయాణంలో ఏ సీట్లో ఎవరు కూర్చుంటారో వాళ్ల బరువు ఆ సంచికొచ్చేస్తుంది. ఒకదానికి మల్లెపూల వాసన, ఒకదానికి బీడీ కంపు. దగ్గే సంచులూ ఉంటాయి. మెకానిక్కులు వాటిని దించి గోడవారగా పేర్చి టీకి పోతారు.

పోయినేడు ఒక సంచి ఉత్తదై వచ్చింది. కుట్టూడి ఇసుక కారిపోయిందనుకున్నాడు ఖాదర్. గట్టిగా కుట్టించి, మళ్లా నింపి, చీటీ రాసేసినాడు. మర్నాడు ఆ సీట్లో ఆయన భార్య గులాబ్‌బీ కూర్చుంది, చక్రాయపేటలో చెల్లెల్ని చూసేదానికి. దారిలో బస్సు బోల్తా పడింది. అందరూ లేచి దుమ్ము దులుపుకున్నారు, ఆమె తప్ప.

అప్పట్నుంచి ఖాదర్‌కు ఏడుపూ లేదు, నవ్వూ లేదు. ఎవరన్నా పలకరిస్తే తలూపుతాడు. వేళకు పనికొస్తాడు.

ఆ బుధవారం పులివెందుల బస్సు ట్రయలుకు పోయొచ్చింది. మూడో సీటు సంచిని మెకానిక్కు దేవపాలు రెండు వేళ్లతో ఎత్తినాడు. కుట్టు కుట్టుగానే ఉంది.

"తేలిగ్గుంది మామా" అని, పెద్దాయన మొగం చూడలేక పక్కకు తిరిగినాడు.

ఖాదర్ బ్రేకులు విప్పించినాడు. బాగున్నాయి. మళ్లా జమ్మలమడుగు పోయొచ్చినారు. సంచి ఉత్తదే. స్ప్రింగులు మార్పించినాడు. మళ్లా పోయొచ్చినారు. ఉత్తదే. అంతలో ఓనర్ వచ్చినాడు. తెల్లారితే జనం వచ్చి నిలబడతారు, పులివెందులకు ఉండేది ఈ ఒక్క బస్సేనని గుర్తుచేసినాడు.

"ఒక్క సీటే కదప్పా. అది ఖాళీగా పెట్టి పంపు."

"ఖాళీగా పెడితే పక్క సీటు సంచి ఉత్తదైతాది రెడ్డీ."

రాయకుంటే రేపట్నుంచి పనికి రావద్దన్నాడు ఓనర్. ఖాదర్ తలూపినాడు, చీటీ మాత్రం రాయలేదు. దేవపాలును రాయమంటే, "నాకు పేరు రాసేది రాదు రెడ్డీ" అన్నాడు, ఎనిమిదో తరగతి పాసైనోడు. తక్కిన ముగ్గురూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు. రాసేటోడు దొరక్క ఓనర్ చెప్పులు టపటపలాడించుకుంటా వెళ్లిపోయినాడు.

గురువారమంతా బస్సు ముందుభాగం ఊడదీసినారు. సాయంత్రానికి స్టీరింగు రాడ్డులో, గ్రీజు కింద, వెంట్రుకంత పగులు కనబడింది. కొత్తది వేసి పోయొచ్చినారు. ఈసారి మూడో సీటు సంచిని దించేదానికి ఇద్దరు కావాల్సొచ్చింది. లోపల చిన్నదేదో తన్నింది. ఖాదర్ చీటీ రాసినాడు.

శుక్రవారం పొద్దున ఆ సీట్లో నిండు నెలల యేసమ్మ కూర్చుంది, పుట్టింటికి పోయేదానికి. కిటికీలోంచి ఖాదర్‌ను చూసింది.

"బస్సు నిలబెట్టిన మేస్త్రీవి నువ్వేనా? నిన్నంతా ఈ షెడ్డు అరుగు మీదనే పడుండా. నడుములు పాయె. నీకేం తెలుస్తాది? నీ ఇంట్లో ఆడోళ్లు లేరా?"

బస్సు కదిలింది. ఆమె తిట్టేది ఆపలేదు. గులాబ్‌బీ పోయినప్పట్నుంచి ఊళ్లో అందరూ పాపం అన్నోళ్లే. ఒక్కరు కూడా ఆయన్ను ఒక్క మాట అనలేదు.

మిగతా తిట్లు కూడా వినాలని, ఆయన కిటికీ ఊచ పట్టుకుని పెద్దరోడ్డు దాకా బస్సు పక్కనే నడిచినాడు.